వారానికి మూడు రోజుల నానీ: సెలవు జీతం, సిక్ పే ఎలా లెక్కగట్టాలి?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. ఐదేళ్ల బాబు, రెండేళ్ల పాప. 2026 జనవరి 5, సోమవారం నుంచి పిల్లల్ని చూసుకోవడానికి ఒక నానీ వస్తున్నారు. సోమ, మంగళవారాలు పదేసి గంటలు, గురువారం ఆరు గంటలు. గంటకి 16 పౌండ్లు, సెలవు జీతం కూడా అందులోనే అని నోటిమాటగా అనుకున్నాం. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. బ్యాంక్ హాలిడే (ప్రభుత్వ సెలవు) సోమవారాల్లో మేం ఇంట్లోనే ఉంటాం కాబట్టి రావద్దన్నాం, డబ్బు ఇవ్వలేదు. మే నెల మధ్యలో ఆవిడకి జ్వరం వచ్చి సోమ, మంగళవారాలు రాలేదు, వాటికీ ఇవ్వలేదు. జూన్‌లో మూడు వారాలు హైదరాబాద్ వెళ్లాం. పది రోజుల ముందు చెప్పాం, ఆ మూడు వారాలూ జీతం ఆపేశాం. ఇప్పుడు ఆవిడ వీటన్నిటి గురించీ అడుగుతున్నారు. "పని చేయని రోజుకి జీతం ఏమిటి, అదీ పార్ట్ టైమ్‌కి" అంటున్నారు మావారు. నిజంగా ఇవ్వాలా? ఇవ్వాల్సి వస్తే ఎంత?

సమాధానం: ఇవ్వాలి. మీరు చెప్పిన మూడు సందర్భాల్లోనూ ఆవిడకి డబ్బు రావాలి. ఎంతన్నది మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది.

ముందు మీ వారి ప్రశ్న. బ్రిటన్ చట్టంలో సెలవు జీతం యజమాని దయతలచి ఇచ్చేది కాదు. మీ ఇంట్లో పనిచేసిన ప్రతి వారమూ ఆవిడ కొంత సెలవు సంపాదించుకుంటున్నారు. అది ఆవిడ జీతంలో భాగమే, కాకపోతే చేతికి తర్వాత అందుతుంది. పార్ట్ టైమ్ అన్నంత మాత్రాన ఆ హక్కు పోదు, పని గంటల నిష్పత్తిలో తగ్గుతుంది, అంతే. "ఆవిడ సెల్ఫ్ ఎంప్లాయిడ్ కదా" అన్న మాట కూడా పనికిరాదు. ఏ రోజు రావాలో, ఎన్నింటికి రావాలో, పిల్లల్ని ఎలా చూసుకోవాలో మీరు చెబుతున్నారు. తన బదులు ఇంకొకరిని పంపే వీలు ఆవిడకి లేదు. అలాంటి మనిషి మీ ఉద్యోగి, మీరు యజమాని. పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ కూడా నానీలను దాదాపు ఎప్పుడూ ఉద్యోగులుగానే చూస్తుంది.

సెలవు ఎంత?

చట్టం ఇచ్చే కనీస సెలవు ఏడాదికి 5.6 వారాలు. ఇక్కడ వారం అంటే ఆవిడ వారం, ఐదు రోజుల ఆఫీసు వారం కాదు. రోజూ ఒకే నిడివి పని అయితే లెక్క తేలిక: రెండు రోజుల వారికి 11.2 రోజులు, మూడు రోజుల వారికి 16.8, నాలుగు రోజుల వారికి 22.4. భిన్నాన్ని పైకి సర్దవచ్చు, కిందికి సర్దకూడదు. 16.8ని 17 చేయవచ్చు, 16 చేస్తే చట్టాన్ని తప్పినట్టే.

మీ నానీకి మాత్రం రోజుల లెక్క పెట్టకండి. సోమవారం పది గంటలు, గురువారం ఆరు. రోజుల్లో లెక్కేస్తే సోమవారాలు సెలవు పెట్టిన ఏడాది ఆవిడకి లాభం, గురువారాలు పెట్టిన ఏడాది నష్టం. ఈ తేడా దగ్గరే మాటలు పెరుగుతాయి. గంటల్లోకి మార్చండి: వారానికి 26 గంటలు, దాన్ని 5.6తో గుణిస్తే 145.6 గంటలు. ఏడాదికి ఆవిడ సెలవు ఖాతా ఇదే. సోమవారం సెలవు తీసుకుంటే పది గంటలు తగ్గించండి, గురువారమైతే ఆరు. వారమంతా తీసుకుంటే 26.

సెలవు సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందో మీరు రాసుకోలేదు కాబట్టి చట్టం ప్రకారం ఆవిడ చేరిన తేదీనే మొదలు. అంటే జనవరి 5 నుంచి మరుసటి జనవరి 4 వరకు. కావాలంటే ఇద్దరూ ఒప్పుకుని ఏప్రిల్‌కో, జనవరి 1కో మార్చుకోవచ్చు. మొదటి ఏడాదిలో సెలవు మొత్తం ఒకేసారి చేతికివ్వాల్సిన పనిలేదు. ప్రతి నెల మొదట్లో పన్నెండో వంతు, అంటే పన్నెండు గంటల పైచిలుకు, ఖాతాలో చేరుతుంది.

బ్యాంక్ హాలిడేల సంగతి

ఎక్కువ ఇళ్లలో గొడవ మొదలయ్యేది ఇక్కడే. బ్యాంక్ హాలిడే నాడు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టంలో ఎక్కడా లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఏడాదికి ఎనిమిది బ్యాంక్ హాలిడేలు ఉంటాయి. వాటిని 5.6 వారాల్లోనే కలిపి లెక్కించవచ్చు. కలపాలో విడిగా ఇవ్వాలో మీ ఒప్పందం తేల్చాలి. మీ దగ్గర ఒప్పందమే లేదు.

పార్ట్ టైమ్ వారి దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2026లో ఇంగ్లండ్ బ్యాంక్ హాలిడేలు చూడండి: జనవరి 1 గురువారం, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3, ఈస్టర్ సోమవారం ఏప్రిల్ 6, తర్వాత మే 4, మే 25, ఆగస్టు 31 అన్నీ సోమవారాలు, క్రిస్మస్ శుక్రవారం, బాక్సింగ్ డే శనివారం పడినందుకు బదులుగా డిసెంబరు 28, సోమవారం. మంగళ, బుధవారాలు మాత్రమే చేసే నానీకి ఈ ఏడాది ఒక్క బ్యాంక్ హాలిడే కూడా తగలదు. మీ నానీకి చేరిన తర్వాత ఐదు తగులుతాయి. "బ్యాంక్ హాలిడేలు జీతంతో సెలవు, అవి కాక ఇంకొన్ని రోజులు" అని ఒప్పందం రాస్తే ఒకరికి ఐదు రోజులు ఊరికే వస్తాయి, మరొకరికి ఏమీ రాదు. అందుకే ఒక్క ఖాతా పద్ధతి మంచిది. 145.6 గంటలూ ఒకే చోట ఉంచండి. ఆవిడ పని రోజున బ్యాంక్ హాలిడే పడి మీరు రావద్దంటే ఆ గంటలు ఖాతాలోంచి తీసి, జీతం మామూలుగా ఇవ్వండి.

మీ నానీ లెక్క: ఐదు సోమవారాలకు 50 గంటలు పోతే మిగిలేది 95.6 గంటలు. అంటే మూడున్నర వారాల పైచిలుకు. ఈ సంఖ్య ఆవిడకి ముందే చెప్పండి. మూడో వంతు సెలవు సోమవారాలకే పోయిందని నవంబరులో తెలిస్తే ఎవరికైనా కష్టంగా ఉంటుంది. మీకు వీలుంటే బ్యాంక్ హాలిడేలను కనీస సెలవుకి అదనంగా ఇవ్వండి. అదీ నిష్పత్తిలోనే: ఎనిమిది రోజుల్లో ఐదింట మూడు వంతులు, 4.8 రోజులు. మంచి నానీ దొరికిన ఇంటికి ఇది పెద్ద ఖర్చు కాదు.

బ్యాంక్ హాలిడే నాడు మీ ఆఫీసు ఉండి ఆవిడ రావాల్సి వస్తే రెట్టింపు జీతం ఇవ్వాలని చట్టం అడగదు. కానీ రావాల్సి ఉంటుందని ఒప్పందంలో ఉండాలి.

ఇక మీరు ఆపేసిన సోమవారాలు: ఏప్రిల్ 6, మే 4, మే 25. ముప్పై గంటలు, 480 పౌండ్లు. వాటిని సెలవుగా రాసుకున్నా, పనికి సిద్ధంగా ఉన్న మనిషిని మీరే వద్దన్న రోజులుగా చూసినా, జీతం మాత్రం బాకీయే. రెండు రోజుల ముందే చెప్పి ఉంటే సెలవు ఖాతాలోంచి తీసుకోవచ్చు. అప్పటికప్పుడు చెప్పి ఉంటే తీసుకోకండి.

"పదహారులోనే సెలవు జీతం" ఎందుకు చెల్లదు

గంట రేటులోనే సెలవు జీతం కలిపేయడాన్ని రోల్డ్ అప్ హాలిడే పే అంటారు. 2024 ఏప్రిల్ 1 తర్వాత మొదలైన సెలవు సంవత్సరాల నుంచి దీన్ని మళ్లీ అనుమతించారు, కానీ రెండు రకాల వారికే. పని గంటలు ఏ వారానికి ఆ వారం మారిపోయేవారు ఒకరు. ఏడాదిలో కొన్ని వారాలు పనీ జీతమూ రెండూ లేని ఒప్పందం ఉన్నవారు రెండో రకం, బడి ఉన్న వారాల్లోనే వచ్చే నానీలాగా. వాళ్లకి సంపాదించిన జీతంపై 12.07 శాతం చొప్పున సెలవు జీతం ఇవ్వవచ్చు. పే స్లిప్పులో దాన్ని విడి వరుసలో చూపించాలి. ఆ 12.07 ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఏడాదిలో 52 వారాల్లోంచి 5.6 తీస్తే పని వారాలు 46.4. 5.6ని 46.4తో భాగిస్తే వచ్చేది అదే.

మీ నానీ ఈ రెంటిలో దేనికీ చెందరు. గంటలు తక్కువేగానీ ప్రతి వారం అవే రోజులు, అవే గంటలు. ఇలా గంటలు స్థిరంగా ఉన్న పార్ట్ టైమ్ ఉద్యోగికి సెలవు తీసుకున్నప్పుడే జీతం ఇవ్వాలి. ముందే కలిపి ఇచ్చేశామంటే కుదరదు. కారణం ఉంది: సెలవు నాడు డబ్బు రాదని తెలిస్తే మనుషులు సెలవు తీసుకోరు. చట్టం కోరేది ఆవిడ విశ్రాంతి తీసుకోవాలని. అందుకే సెలవుకి బదులు డబ్బిచ్చి సరిపెట్టడం కూడా కుదరదు, ఉద్యోగం మానేసినప్పుడు మిగిలిన సెలవుకి తప్ప.

ఇంకో మాట. ఇప్పుడు "అసలు రేటు 14.28, మిగతాది సెలవు జీతం" అని వెనక్కి లెక్కగట్టకండి. విడిగా ఎప్పుడూ చూపించని డబ్బుని సెలవు జీతమని నిలబెట్టుకోవడం కష్టం. పైగా ఆవిడ దానిని జీతం కోతగా చూస్తారు, అది న్యాయమే. 16 పౌండ్లే గంట రేటు అని ఒప్పుకుని ముందుకు నడవండి.

సెలవు వారం జీతం ఎంత అన్నదానికి, గంటలు మారకపోతే మామూలు వారం జీతమే: 416 పౌండ్లు. అప్పుడప్పుడూ బుధవారం కూడా పిలుస్తుంటే, అది అలవాటుగా మారితే, లెక్క మారుతుంది. గడిచిన 52 వారాల జీతం సగటు తీయాలి. జీతం లేని వారాలు వదిలేసి ఇంకా వెనక్కి వెళ్లవచ్చు, 104 వారాలు దాటకూడదు. ఇంకా ఏడాది నిండని వారికి పనిచేసినన్ని వారాల సగటు చాలు. ఉదాహరణకి 52 వారాలకి మొత్తం 23,400 పౌండ్లు వచ్చి ఉంటే సెలవు వారానికి 416 కాదు, 450 ఇవ్వాలి. చట్టం ఈ సగటుని తప్పనిసరి చేసేది మొదటి నాలుగు వారాల సెలవుకే. కానీ ఒక ఇంట్లో ఒక ఉద్యోగికి రెండు రేట్లు పెట్టుకోవడం లేనిపోని తలనొప్పి. మొత్తం 5.6 వారాలకీ సగటే ఇవ్వండి.

వీటన్నిటికంటే తేలికైన దారి నెల జీతం. 416ని 52తో గుణించి పన్నెండుతో భాగిస్తే నెలకి 1,802.67 పౌండ్లు. సెలవున్నా లేకపోయినా ప్రతి నెలా అంతే. సెలవు జీతం దానంతట అదే చేరిపోతుంది, మీరు చూసుకోవాల్సింది గంటల ఖాతా ఒక్కటే.

మీరు ఊరెళ్లిన మూడు వారాలు

బాకీల్లో పెద్దది ఇదే. ఆవిడ పనికి సిద్ధంగా ఉన్నారు, మీరు పని ఇవ్వలేదు. పని లేనప్పుడు జీతం ఆపవచ్చని ఒప్పందంలో రాసి ఉంటే తప్ప ఆ వారాలకి పూర్తి జీతం ఇవ్వాలి. 78 గంటలు, 1,248 పౌండ్లు.

"అయితే ఆ మూడు వారాలూ ఆవిడ సెలవుగా రాసుకుంటాం" అంటారేమో. ఫలానా తేదీల్లో సెలవు తీసుకోమని చెప్పే హక్కు యజమానికి ఉంది. కానీ సెలవు నిడివికి రెట్టింపు ముందుగా చెప్పాలి. మూడు వారాలకి ఆరు వారాల ముందు. మీరు పది రోజుల ముందు చెప్పారు. కాబట్టి గడిచిపోయిన ఆ వారాలను ఇప్పుడు సెలవుగా మార్చమని ఒత్తిడి చేయవద్దు. జీతం ఇచ్చేయండి, ఖాతా ముట్టుకోకండి. ఆవిడ సెలవు అడిగినప్పుడూ ఇదే పద్ధతి: వారం కావాలంటే రెండు వారాల ముందు అడగాలి, మీరు కాదనాలంటే కనీసం వారం ముందు చెప్పాలి. ఒప్పందంలో వేరే గడువు రాసుకుంటే అదే వర్తిస్తుంది. ఇరువైపులా నాలుగు వారాలు పెట్టుకోండి, ఇండియా ప్రయాణాలకి మాత్రం ఎనిమిది. టికెట్లు ఎలాగూ అంతకుముందే కొంటారు కదా, కొన్న రోజే తేదీలు చెప్పేయండి.

వచ్చే ఏడాది ప్రయాణం గురించి కూడా ఇప్పుడే ఆలోచించాలి. నానీలున్న ఇళ్లలో సాధారణంగా సగం సెలవు తేదీలు నానీ, సగం ఇంటివాళ్లు ఎంచుకుంటారు. ఈ ఏడాది లెక్కే తీసుకుంటే, బ్యాంక్ హాలిడేలు పోను మిగిలిన 95.6 గంటల్లోంచి మీ మూడు వారాలకి 78 తీసేస్తే ఆవిడకి మిగిలేది 17.6 గంటలు. తన వాళ్ల పెళ్లికో పండక్కో రెండు రోజులు తీసుకుంటే అయిపోయింది. సరైన గడువుతో చెబితే ఇది చట్టబద్ధమే. కానీ ఇలాంటి ఇంట్లో నానీ ఏడాది కంటే ఎక్కువ ఉండరు. నా సలహా: మీ ప్రయాణంలో రెండు వారాలకి మించి ఆవిడ ఖాతాలోంచి తీయకండి. మూడో వారం మామూలు జీతం. ఆ వారంలో పిల్లల బట్టలు సర్దడం, పొట్టివైపోయినవి వేరుచేయడం, గది శుభ్రం లాంటి పనులు రెండు పూటలు చేయమని అడగవచ్చు, ముందే ఒప్పుకుంటే. అసలు ఏటా నెలరోజులు ఊరెళ్లే కుటుంబమైతే, ఆ వారాలు జీతం లేని వారాలని మొదటి రోజే ఒప్పందంలో రాసుకోవచ్చు. అప్పుడు ఆవిడ నేను పైన చెప్పిన రెండో రకంలోకి వస్తారు, 12.07 శాతం లెక్క వర్తిస్తుంది. కానీ చేరాక, మధ్యలో మీ అంతట మీరు అలా మార్చలేరు.

జ్వరమొచ్చిన రెండు రోజులు

జబ్బు చేసినప్పుడు చట్టం ఇవ్వమనేది స్టాట్యుటరీ సిక్ పే, వాడుకలో ఎస్ఎస్‌పీ. 2026 ఏప్రిల్ 6 నుంచి దీని నిబంధనలు బాగా మారాయి. పాత సమాచారం చదివి చాలామంది తప్పు చేస్తున్నారు. అంతకుముందు మొదటి మూడు పని రోజులకి ఏమీ వచ్చేది కాదు. వారానికి 125 పౌండ్లకి తక్కువ సంపాదించేవారికి అసలే లేదు. వారంలో రెండు మూడు రోజులు చేసే నానీకి ఆ మూడు రోజుల ఎదురుచూపు అంటే ఏకంగా వారం జీతం పోవడమే. ఇప్పుడు రెండూ తీసేశారు. మొదటి రోజు నుంచే ఇవ్వాలి, ఎంత తక్కువ సంపాదించినా ఇవ్వాలి. మొత్తం ఆవిడ సగటు వారం జీతంలో 80 శాతం లేదా వారానికి 123.25 పౌండ్లు, ఏది తక్కువైతే అది. గరిష్ఠంగా 28 వారాలు.

మీ నానీకి 416లో 80 శాతం 332.80. అది ఎక్కువ కాబట్టి 123.25 వర్తిస్తుంది. దీన్ని ఆవిడ పని రోజులతో, అంటే మూడుతో, భాగించాలి. ఏడుతో భాగించడం అందరూ చేసే తప్పు. ఇక్కడ గంటలు చూడరు. సోమవారం పది గంటలు పోయినా, గురువారం ఆరు గంటలు పోయినా రోజుకి అదే మొత్తం, 41 పౌండ్ల పైచిలుకు. రెండు రోజులకి 82.17 పౌండ్లు మీరు బాకీ. వారానికి ఒక్కరోజు ఆరు గంటలు ఇదే రేటుకి వచ్చే నానీ అయితే జీతం 96, అందులో 80 శాతం 76.80. ఆ రోజు రాకపోతే అదే సిక్ పే. ఆవిడ ఇంకో ఇంట్లో కూడా చేస్తుంటే ఆ ఇంటివాళ్లు వాళ్ల వంతు విడిగా ఇస్తారు, మీకు సంబంధం లేదు. ఈ డబ్బు ప్రభుత్వం తిరిగి ఇవ్వదు, కుటుంబం భరించాల్సిందే.

మొదటి ఏడు రోజులకి డాక్టరు కాగితం అడగకూడదు, ఆవిడ మాట చాలు. ఆ ఏడు క్యాలెండరు రోజులు, శని ఆదివారాలతో కలిపి. ఎనిమిదో రోజు నుంచి ఫిట్ నోట్ అడగవచ్చు. దాన్ని డాక్టరే కాదు, నర్సు, ఫిజియోథెరపిస్టు, ఫార్మసిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు కూడా ఇవ్వవచ్చు.

రెండు రోజులకి 320 పౌండ్లు రావాల్సిన చోట 82 వస్తే ఏమవుతుందో ఆలోచించండి. జ్వరంతోనే పనికి వస్తారు. మీ రెండేళ్ల పాపకి అంటిస్తారు, తర్వాత మీరు ఆఫీసు మానుకోవాలి. అందుకే ఎస్ఎస్‌పీతో ఆగకుండా ఏడాదికి ఒక వారమో రెండు వారాలో పూర్తి జీతంతో సిక్ పే ఇవ్వమని గట్టిగా చెబుతున్నాను. వారం అంటే మళ్లీ ఆవిడ వారమే. "ఏడాదికి 26 గంటల వరకు పూర్తి జీతం, ఎస్ఎస్‌పీ అందులో కలిసే ఉంటుంది, ఆ తర్వాత ఎస్ఎస్‌పీ మాత్రమే" అని రాయండి. "అందులో కలిసే" అన్న మాట లేకపోతే రెండూ ఇవ్వాలా అన్న వాదన వస్తుంది.

పిల్లల ఇంట్లో జబ్బులు ఒక పక్క నుంచే రావు, అందుకే ఈ సందర్భాలు కూడా ముందే మాట్లాడుకోవాలి. మీ బాబుకి జ్వరం వచ్చి బడి మానితే అది నానీ పని రోజే, పూర్తి జీతం. పాపకి ఆటలమ్మ పోసిందని మీరే ఆవిడని రావద్దంటే కూడా పూర్తి జీతం, ఆవిడ ఆరోగ్యంగానే ఉన్నారు కాబట్టి. మీ పిల్లల నుంచి అంటుకుని ఆవిడ పడుకుంటే చట్టప్రకారం సిక్ పే చాలు, కానీ అలాంటి రోజుల్ని పూర్తి జీతంతో ఇచ్చే ఇల్లు మంచి ఇల్లు. వాంతులు, విరేచనాలు ఆగాక 48 గంటలు పిల్లలకి దూరంగా ఉండాలన్నది ఇక్కడి బడుల్లోనూ పాటించే నియమం. ఆవిడకి తగ్గిపోయినా ఆ గడువు వరకు మీరే ఆగమంటే, ఆ గంటలకి పూర్తి జీతమని రాసుకోండి. ఆవిడ సొంత బిడ్డకి హఠాత్తుగా బాగోకపోతే అత్యవసర సెలవు తీసుకునే హక్కు ఉంది, దానికి జీతం ఇవ్వాలని చట్టం అడగదు.

జబ్బులో ఉన్నప్పుడూ సెలవు ఖాతాలో గంటలు చేరుతూనే ఉంటాయి. సెలవులో ఉండగా జబ్బు పడితే ఆ రోజుల్ని సిక్ లీవుగా మార్చమని ఆవిడ అడగవచ్చు, గంటలు ఖాతాకి తిరిగి వెళ్తాయి. జబ్బు వల్ల ఆ ఏడాది సెలవు వాడుకోలేకపోతే నాలుగు వారాల వరకు ముందుకు తీసుకెళ్లనివ్వాలి.

కాగితం మీద పెట్టాల్సినవి

పనిలో చేరిన రోజుకే ఉద్యోగ నిబంధనలు రాతపూర్వకంగా ఇవ్వడం 2020 ఏప్రిల్ 6 నుంచి తప్పనిసరి. మీరు ఆలస్యమయ్యారు, ఈ వారంలో ఇచ్చేయండి. సెలవుకి సంబంధించి సంవత్సరం మొదలయ్యే తేదీ, 145.6 గంటలు, బ్యాంక్ హాలిడేలు ఖాతాలోంచా విడిగానా, ఎవరు ఎన్ని గంటలు ఎంచుకుంటారు, గడువులు ఉండాలి. జబ్బుకి సంబంధించి ఉదయం ఎన్ని గంటలలోపు ఫోన్ చేయాలి, పూర్తి జీతం ఎంతవరకు అన్నవి ఉండాలి. మానేసేటప్పుడు లెక్క కూడా: తొమ్మిది నెలలు చేసి మానేస్తే సంపాదించిన సెలవు 109.2 గంటలు. అందులో 60 వాడి ఉంటే మిగిలిన 49.2 గంటలకి 787.20 పౌండ్లు చివరి జీతంతో ఇవ్వాలి. తిరగబడి, సంపాదించినదానికంటే ఎక్కువ సెలవు వాడేసి ఉంటే, ముందే రాసుకున్నప్పుడే చివరి జీతంలోంచి తగ్గించుకోగలరు.

జీతాన్ని ఎప్పుడూ గ్రాస్‌లో, అంటే కోతలకు ముందు మొత్తంగా, రాయండి. "చేతికి ఇంత" అని ఒప్పుకుంటే, ఆవిడకి ఇంకో ఉద్యోగం ఉండి పన్ను మినహాయింపు 12,570 పౌండ్లూ అక్కడే వాడేసినప్పుడు ఇక్కడి పన్నంతా మీ నెత్తిన పడుతుంది.

పీఏవైఈ (జీతంలోంచే పన్ను మినహాయించి కట్టే పద్ధతి) నమోదు గురించి మీరు రాయలేదు. వారానికి 416 అంటే అది తప్పనిసరి, 129 పౌండ్ల నుంచే కావాలి. వారానికి 96 దాటిన జీతంపై యజమాని వంతు నేషనల్ ఇన్సూరెన్స్ (ప్రభుత్వ సామాజిక భద్రత చందా) 15 శాతం, అంటే వారానికి 48 పౌండ్లు, సెలవు వారాల్లో కూడా కట్టాలి. ఈ భారాన్ని తగ్గించేందుకు చాలా కంపెనీలకి దొరికే ఎంప్లాయ్‌మెంట్ అలవెన్సు నానీని పెట్టుకున్న ఇంటికి దొరకదు. ఆవిడకి 22 ఏళ్లు నిండి, పెన్షను వయసు ఇంకా రాకపోతే, ఏడాది జీతం 10,000 దాటింది కాబట్టి వర్క్‌ప్లేస్ పెన్షన్ కూడా ఉండాలి. పనిలో ఆవిడకి దెబ్బ తగిలితే పరిహారానికి పనికొచ్చే యజమాని బాధ్యతా బీమా లేకుండా నడిపితే రోజుకి 2,500 పౌండ్ల వరకు జరిమానా. మీ ఇంటి బీమాలో ఇంటి పనివారికి ఈ రక్షణ ఉందేమో ముందు చూడండి, చాలా పాలసీల్లో ఉంటుంది.

ఇప్పటి బాకీ మొత్తం: మూడు సోమవారాలకు 480, మూడు వారాలకు 1,248, సిక్ పే 82.17, కలిపి 1,810.17 పౌండ్లు. దీన్ని కవర్లో పెట్టి నగదుగా ఇవ్వకండి. వచ్చే జీతంతో కలిపి పేరోల్‌లోనే చూపించి, పే స్లిప్పులో మూడూ మూడు వరుసలుగా వేయించండి. ఒకే నెలలో ఎక్కువ పడడం వల్ల ఆవిడకి కోత కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, ఆ సంగతి ముందే చెప్పండి. ఇచ్చే ముందు ఓ అరగంట కూర్చుని, మీ గంటల ఖాతాని ఆవిడ డైరీతో పోల్చుకోండి. ఏ రోజు ఎవరు వద్దన్నారు, ఏ రోజు ఆవిడే రాలేదు అన్నవి ఇద్దరి దగ్గరా ఒకేలా ఉన్నాక ఒక ప్రతి మీద ఇద్దరూ సంతకం చేసి, ఆ కాగితాలన్నీ ఆరేళ్లపాటు దాచండి.